బోణీ బేరం

సువార్తమ్మ సైకిల్‌ని బోరింగు దగ్గర పడుకోబెట్టి గంటసేపటి నుంచి తోముతోంది. డీజిల్ గుడ్డతో చైను తుడిచింది. సర్ఫు నీళ్ళతో రిమ్ములు కడిగింది. క్యారియర్‌ని చింతపండు పెట్టి రుద్దింది. అయినా వాసన పోలేదు. తొమ్మిదేళ్ళుగా ఎండుచేపల గంపను మోసిన క్యారియర్ అది. ఎన్ని నీళ్ళు పోస్తే అంత వాసన లేస్తోంది.

"ఇగ సాలుగానీ లే. పెండ్లి సూపులకు తీస్కపోతున్నవా దాన్ని?" అన్నాడు గడప మీద కూర్చున్న ప్రేమ్‌కుమార్. ఆమె మొగుడు. మిర్యాలగూడ రైసు మిల్లులో హమాలీ. ఆ మంగళవారం అతనికి పని లేదు.

"నువ్వు నన్ను సూడొచ్చినప్పుడు మా అమ్మ గింతకంటె ఎక్కువే తోమింది," అంది సువార్తమ్మ తలెత్తకుండా.

అది మగవాళ్ళు తొక్కే పెద్ద సైకిల్. నడుమ రాడ్డు ఉంటుంది. వెనక గంప కట్టి ఉంటుంది కాబట్టి కాలు వెనకనుంచి వేయడానికి కుదరదు, కుచ్చిళ్ళు ఎగదోపి ముందు నుంచే రాడ్డు మీదుగా వేయాలి. వేములపల్లి నుంచి చుట్టూ పన్నెండు ఊళ్ళు ఆమె అలాగే తిరిగింది. మొదట్లో నవ్వినవాళ్ళే తర్వాత వాకిట్లో నిలబడి ఆమె బెల్లు కోసం చూశారు. ఇప్పుడు కుడి మోకాలు ఆ ఎత్తుకు లేవనంటోంది. త్రిపురారంలో లింగస్వామి తన పాత ఎక్సెల్ బండి అమ్ముతున్నాడని తెలిసి వెళ్ళి చూసొచ్చింది. కాలు ఎత్తే పనే లేదు, ముందు ఖాళీలో గంప కూడా పడుతుంది. అంతా కూడగడితే ఇంకా మూడు వేలు తక్కువ. ఆ మూడు వేలు ఈ సైకిల్ ఇవ్వాలి.

"గురువారం పొద్దుగూకే దాక ఆగుత," అని లింగస్వామి ఖరాఖండిగా చెప్పాడు. "శుక్రారం పొద్దుగాల హాలియా నుంచి ఒగడు పైసలు వట్టుకొని వస్తనన్నడు. గప్పుడు నన్నేమనొద్దు."

మొగుడూ పెళ్ళాం కూర్చుని ధర కట్టారు. రెండు టైర్లూ పోయినేడు వేసినవి. ఫ్రీవీల్ కొత్తది. క్యారియర్‌కి ఇనుప పట్టీలు వేయించి వెడల్పు చేయించింది తనే. రెండు కాళ్ళ స్టాండు, దాని మీద యాభై కిలోల గంప పెట్టినా కదలదు. సీటు చిరిగింది నిజమే. బెల్లు మాత్రం బంగారం.

"మూడున్నర వేలు సెప్త. మూడుకు ఇస్త. గంతకు ఒక్క రూపాయి తగ్గ," అంది సువార్తమ్మ.

"మరి వాసనకేమన్న ఎక్కువ సెప్పరాదు," అన్నాడు ప్రేమ్‌కుమార్. ఆమె డీజిల్ గుడ్డ అతని మీదికి విసిరింది.

బుధవారం మిర్యాలగూడ వెళ్ళింది. స్టేషన్ రోడ్డులో ఒక కొట్టతను సైకిల్‌ని ముట్టుకోకముందే ముక్కు మూసుకున్నాడు. తొక్కి చూడలేదు. చక్రం ఎత్తి తిప్పి చూడలేదు. ఇనుప కొక్కేనికి తగిలించి తూకం వేశాడు.

"ఇరవై రెండు కిలోలు. ఇనుము లెక్కన ఏడువందలు గూడ రావు. ఆడమనిషివి, ఎనిమిదొందలిస్త."

సువార్తమ్మకు ఒళ్ళు మండింది. "నేను సైకిల్ అమ్మొచ్చిన. ఇనుమైతే మా ఊర్లనే పాత ఇనుముకు ఐసుగడ్డలిచ్చే బండోనికి ఏసేదాన్ని. దించు."

"గీ కాలంల దీన్నెవడు కొంటడమ్మా? పాత సైకిల్‌ని సైకిల్ లెక్క కొనేటోడు సూర్యాపేటల జవహర్ సేటొక్కడే. గాయన కాడికి పో."

"పోత," అంది. మోకాలు కలుక్కుమన్నా లెక్కచేయకుండా అతని ఎదుటే కాలు రాడ్డు మీదుగా వేసింది. రోడ్డు మలుపు తిరిగేదాకా, ఎవరూ అడ్డం లేకపోయినా, బెల్లు కొడుతూనే పోయింది.

పక్కింటి తిరుపతికి ట్రాలీ ఆటో ఉంది. గురువారం తెల్లవారక ముందే సూర్యాపేట మార్కెట్‌కు వడ్ల బస్తాలు తీసుకుపోతుంటే, ఆ బస్తాల మీద సైకిల్‌ని తాడుతో కట్టించి తనూ ఎక్కింది. ఏడున్నరకి జవహర్ కొట్టు ముందు దించి, "పది గొట్టంగ మల్లొస్త అక్కా, తయారుగుండు. తిరుగు కిరాయికి ఖాళీ బస్తాలున్నయ్, ఆగనీకి రాదు," అని తిరుపతి వెళ్ళిపోయాడు.

'పాత సైకిళ్ళు కొనబడును, అమ్మబడును' అని బోర్డు. జవహర్ యాభై దాటినవాడు, నుదుట విభూతి, తడి తల. అప్పుడే షట్టరెత్తి వాకిట నీళ్ళు చల్లి, వరసగా నిలబెట్టిన సైకిళ్ళ హ్యాండిళ్ళకు ఒక్కొక్కదానికీ ఊదుబత్తి తిప్పుతున్నాడు. మిగతా కొట్లలో ఏదైనా అమ్మితేనే బోణీ. ఈయన కొట్టులో కొన్నా బోణీయే. డబ్బు పోతేనేం, పొద్దున్నే సరుకు లోపలికి వచ్చింది కదా అని ఆయన లెక్క.

కాలువ మీది బండ దాటించి సువార్తమ్మ సైకిల్‌ని లోపలికి తోసింది. జవహర్ ముందు సైకిల్‌నే చూశాడు. ఊదుబత్తి చేతిలో ఉండగానే వంగి క్యారియర్ కింద వెల్డింగు చూశాడు, బొటనవేలితో టైరు నొక్కాడు. పని తెలిసిన మనిషని ఆ నొక్కడంలోనే తెలిసి ఆమెకు ప్రాణం లేచొచ్చింది. తర్వాత అతను తలెత్తాడు. కళ్ళు ఆమె నుదుటి మీద ఒకసారి, మెడ మీద ఒకసారి, చేతుల మీద ఒకసారి ఆగాయి.

"జర ఆగమ్మా. బోణీ కాలే."

"నాదే బోణీ సెయ్యి సేటు. సైకిల్ అమ్మొచ్చిన."

"నీతోని ఒద్దమ్మా. ఏమనుకోకు. ఎవలన్న వచ్చి పోయినంక పిలుస్త. గాడ పక్కకు నిలబడు."

చేపల వాసనేమో అనుకుంది సువార్తమ్మ. సైకిల్‌ని వెనక్కి లాక్కుని, బండ పక్కనే ఉన్న టీ బండి దగ్గర స్టాండు వేసింది. టీ కాచే ఆమె తన కొంగుతో స్టూలు తుడిచి ముందుకు జరిపింది.

"కూసో అక్కా. నేను ధనలక్ష్మిని. గాయనంతే, ఏం మనసుల వెట్టుకోకు. మనసొంటోళ్ళ చేతి మీద బోణీ చెయ్యడు. నేనీడ బండి వెట్టి ఏడేండ్లయింది. బోణీ అయ్యేదాక నా చాయ గూడ ముట్టడు. అయినంక మంచిగనే తాగుతడు."

మనసొంటోళ్ళు అంటే ఎవరని సువార్తమ్మ ఆమె వైపు చూసింది. నుదుట బొట్టు లేదు. ముంజేతులకు గాజులు లేవు. నలభై ఏళ్ళు కూడా ఉండవు. అప్పుడు అర్థమైంది. సువార్తమ్మ వెళ్ళే ప్రార్థన మందిరంలో ఆడవాళ్ళు బొట్టు పెట్టుకోరు, పుస్తెలు, గాజులు, మెట్టెలు ఏవీ వేసుకోరు. ఆమె బొట్టు బాప్తిస్మంతో పోయింది. ఈమెది మొగుడి దినాల్లో పోయి ఉంటుంది. చూసేవాళ్ళకు రెండూ ఒకటే. అంటే సేటూ ఈమే కలిసి పొద్దున్నే ప్రేమ్‌కుమార్‌ని చంపేశారన్నమాట.

ముందు నవ్వొచ్చింది. ఆ వెనకే చెవులు వేడెక్కేంత కోపం వచ్చింది. ఒక్క మాట చాలు. సేటూ, నా మొగడు నిక్షేపంగ ఉన్నడు, ఈపాటికి సల్ల బువ్వ తిని మిల్లుకు పోయుంటడు, అంటే అయిపోతుంది. ఆ మాట చెప్పడానికే స్టూలు మీంచి లేవబోయింది.

"ఇగో అక్కా," అంటూ ధనలక్ష్మి టీ గ్లాసు చేతికిచ్చింది. "పైసలొద్దు. మనకు మనమే గద."

సువార్తమ్మ మళ్ళీ కూర్చుంది. ఇప్పుడు నా మొగడున్నాడని అంటే, నేను ఈమెలాంటిదాన్ని కాను అని అన్నట్టే. ఈమె తుడిచిచ్చిన స్టూలు మీద కూర్చుని, ఈమె ఇచ్చిన టీ తాగుతూ, ఈమె మీదుగా ఆ సేటుతో అనాలి. దానికి బదులు ధనలక్ష్మికి తన మోకాలి సంగతీ, కొనబోయే బండి సంగతీ చెప్పింది. టీ బాగుంది. అల్లం దంచి వేసింది.

ఎనిమిదిన్నరైంది. ఒకతను వచ్చి గాలి కొట్టుకుని పోయాడు. గాలి ఊరికే, అది బోణీ కిందికి రాదు. ఇంకొకాయన రెండు సైకిళ్ళ ధర అడిగి, మళ్ళీ వస్తానని పోయాడు. పోతున్న మనిషి వీపు చూసి, ఆ తర్వాత జవహర్ సువార్తమ్మను చూశాడు.

"అమ్మా, జర గా అవతలికి జరుగు. ఎదురుంగ వడ్తున్నవ్."

"రోడ్డు నీ పట్టా భూమా సేటు? నేను జరగ."

ధనలక్ష్మి గాబరాగా ఆమె భుజం తట్టింది. సువార్తమ్మ కదల్లేదు. సైకిల్ బెల్లు మాత్రం ఒకసారి కొట్టింది.

తొమ్మిది దాటింది. పదికి తిరుపతి వస్తాడు. సైకిల్ అమ్ముడుపోకపోతే మళ్ళీ బస్తాల మీద కట్టుకుని పోవాలి, తెల్లారేసరికి ఎక్సెల్ బండి హాలియా వాడిదవుతుంది, రేపట్నించి మళ్ళీ ఈ రాడ్డు, ఈ మోకాలు. భయం వేసింది ఆమెకు. వెర్రి పంతమేమో అని కూడా అనిపించింది. అంతలో ఫోను మోగింది. ప్రేమ్‌కుమార్ గొంతు ఎప్పుడూ పెద్దదే, మిల్లు చప్పుడులో ఇంకా పెద్దదవుతుంది.

"ఏమే, అమ్మినవా? వాసనకెంతిచ్చిండు?"

"ఇంక లే. పనిల ఉన్న, పెట్టేయ్."

ధనలక్ష్మి గరిటె ఆపింది. "ఎవలక్కా?"

అబద్ధం చెప్పడం సువార్తమ్మకు చేతకాదు. "మా ఆయన."

"నీ పెనిమిటి ఉన్నడా?" ధనలక్ష్మి నాలుక కరుచుకుంది. "అయ్యో, నిన్ను గూడ నా లెక్కల గట్టిన. తప్పయింది. మరి గా మాట సెప్పకుంట గిట్ల కూసున్నవేందక్కా పిచ్చిదానివా?" అని, సువార్తమ్మ చెయ్యి పట్టుకునేలోపే కొట్టు వైపు కేకేసింది. "సేటూ! ఈమె పెనిమిటి ఉన్నడంట! కిరస్తానామె, గందుకే బొట్టు లేదు!"

జవహర్ మొహం విప్పారింది. లోపలినుంచి తనే ప్లాస్టిక్ కుర్చీ పట్టుకొచ్చాడు. "మొదలే సెప్పొద్దా తల్లీ! నాకేమెర్క? ఉట్టిగ పరేషాన్ అయితిమి ఇద్దరం. దా, దా."

ఆ మనిషి చెడ్డవాడు కాదు, అదే ఇంకా చికాకు. సైకిల్‌ని శ్రద్ధగా చూశాడు. వెనక చక్రం ఎత్తి తిప్పి, బ్రేకు కట్టకు రిమ్ము ఎక్కడైనా తగులుతోందేమోనని చెవి పెట్టి విన్నాడు. పెడల్ ఊపాడు. చైను మీద వేలు రాసి చూసుకున్నాడు. పాత ఖద్దరు చొక్కా వేసుకున్న ఒక పెద్దాయన అప్పుడే ఆటో దిగి వచ్చి, ఆయన కూడా వంగి క్యారియర్‌నే చూస్తున్నాడు.

"మంచిగ సూసుకున్నవ్ బండిని. ఎంతంటవమ్మా?"

"మూడున్నర."

"బోణీ బేరం, మల్ల మాట్లాడ. మూడున్నరే." జవహర్ గల్లా తీశాడు. పొద్దుటి బోణీకి స్కానర్లూ ఫోన్లూ ఆయనకు పనికిరావు, నోట్లే కావాలి. ఏడు ఐదువందల నోట్లు తీసి కళ్ళకద్దుకుని చెయ్యి చాచాడు.

సువార్తమ్మ కూడా చెయ్యి చాచింది. అప్పుడు పక్కన ఏదో కదిలినట్టైతే చూసింది. ధనలక్ష్మి తన బండి వెనక్కి, పరదా చాటుకు, రెండడుగులు తప్పుకుంటోంది. ఎవరూ తప్పుకోమనలేదు. ఏడేళ్ళ అలవాటు. నీడ కూడా ఇటు పడకుండా చీర కుచ్చిళ్ళు దగ్గరికి లాక్కుని నిలబడింది. మొహంలో మాత్రం, నీ పని అయిందిలే అన్న సంతోషం.

ఆ సంతోషాన్ని సువార్తమ్మ భరించలేకపోయింది. చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నాకొద్దు సేటు. ఆమె చేతులవెట్టు. ఆమె నాకిస్తది."

జవహర్‌కు అర్థం కాలేదు. "ఎవల చేతుల?"

"ధనలక్ష్మి చేతుల."

"బోణీ అయినంక ఎవల చేతులవెట్టమంటె గాళ్ళ చేతులవెడ్త. ఇప్పుడు తీస్కో తల్లీ."

"ఇప్పుడే వెట్టాలె. పోనీ ఐదొందలు తగ్గిస్త. మూడువేలకే ఇస్త. ఆమె చేతికియ్యి."

జవహర్ నోట్ల వైపు చూసుకున్నాడు. ఐదువందలు మిగిలే బేరం. చెయ్యి కొంచెం కదిలింది కూడా. మళ్ళీ ఆగింది. "మా నాయన కాలం నుంచి ఉన్నది తల్లీ ఈ పద్ధతి. నేను తీసేస్తె యాపారం దెబ్బతింటది. నీకు నీ పెనిమిటి సల్లగున్నడు, నీకెందుకు గీ లొల్లి?"

"గంటన్నర సేపు లేడు గద నాకు, నీ లెక్కల," అంది సువార్తమ్మ. "గా గంటన్నర నేను ఈమె పక్కన్నే కూసున్న. నా చెయ్యి గదే, నా సైకిల్ గదే. ఇప్పుడేం మారిందని కుర్చీ ఏసినవ్?"

ఖద్దరు చొక్కా పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, నా పేరు లక్ష్మీనర్సయ్య. కోదాడ దగ్గర మా ఊరు, రెండు గేదెలున్నాయి. పాల క్యాన్లు పెట్టుకోవడానికి ఇంత వెడల్పు క్యారియరున్న సైకిలు ఎక్కడా దొరకడం లేదు. నువ్వు ఈయనకు ఇవ్వకపోతే నాకిస్తావా?"

"అన్నా, లోపల పది ఉన్నయ్, సూపిస్త రా," అన్నాడు జవహర్ కంగారుగా. వచ్చిన బోణీ కళ్ళ ముందే రోడ్డెక్కుతోంది.

"నాకా పదీ వద్దండి. ఇదే కావాలి." లక్ష్మీనర్సయ్య లోపలి జేబులోంచి డబ్బు తీశాడు. "అమ్మా, నా దగ్గర ఇరవై ఎనిమిది వందలుంది. ఇంక ఉన్నది నన్నూ దీన్నీ కోదాడ చేర్చడానికే. దాచిపెట్టి బేరమాడటం లేదు."

ఒక పక్క మూడున్నర వేలు. ఒక పక్క ఇరవై ఎనిమిది వందలు. మూడు వేలకు రూపాయి తగ్గనని మొన్న బోరింగు దగ్గర అన్న మాట ఆమెకు గుర్తుంది. రెండువందలు తక్కువైతే లింగస్వామి ఏమంటాడో కూడా తెలుసు.

"ఆమె చేతులవెడ్తవా?" అని అడిగింది.

లక్ష్మీనర్సయ్య ధనలక్ష్మి వైపు చూశాడు. "ఎవరి చేతిలో పెడితే ఏముందమ్మా, సైకిలు నడవాలి గానీ," అంటూ టీ బండి దగ్గరికి వెళ్ళి నోట్లు చాచాడు.

ధనలక్ష్మి ఇంకో అడుగు వెనక్కి వేసింది. "వద్దక్కా. నీకు అచ్చిరాదు. కొత్త బండి కొంటున్నవంటివి."

"అచ్చిరాకపోతె నాకే గద. పట్టు."

"అక్కా..."

"పట్టు ధనలక్ష్మీ. టైమైతుంది నాకు."

ధనలక్ష్మి చేతులు కొంగుకు తుడుచుకుంది. మళ్ళీ ఒకసారి తుడుచుకుంది. నోట్లు తీసుకుని గభాలున కళ్ళకద్దుకుంది. సువార్తమ్మ అరచేతిలో పెట్టేటప్పుడు ఆమె వేళ్ళు చల్లగా ఉన్నాయి. పొద్దుటి నుంచీ పొయ్యి దగ్గర ఉన్న మనిషికి వేళ్ళు చల్లబడటం చూసి సువార్తమ్మకు ఏడుపొచ్చినంత పనైంది. ఏడవలేదు. నోట్లు మడిచి రొంటిన దోపుకుంది.

"మా సంఘంల గివన్ని లేవు గానీ, ఇయ్యాల నా బోణీ అయింది," అంది కాస్త గట్టిగానే.

లక్ష్మీనర్సయ్యకు స్టాండు ఎలా తన్నాలో, వెనక బ్రేకు ఎంత పట్టాలో చూపించింది. ఆయన క్యారియర్ దగ్గర ముక్కు పెట్టి, "చేపలా?" అన్నాడు. "వాసన పాలకు అంటుతదా?" అని ఆమెకు అప్పుడు గాభరా పుట్టింది. క్యాన్లకు మూతలుంటాయిలే అని ఆయన నవ్వాడు.

లింగస్వామికి ఫోన్ చేసింది. ఇరవై ఎనిమిది వందలేనంది. అటునుంచి కాసేపు తిట్లలాంటివే వచ్చాయి.

"సూడు అన్నా, రెండొందలు తక్కువ, కాదనను. ఎండు రొయ్యలు ఏరినయి ఉన్నయ్ ఇంట్ల. బజార్ల కిలో నాలుగొందలు. సాయంత్రం తెస్త. వదినెనడుగు, కావాల్నో వద్దో."

ఫోన్ పక్కకు పెట్టి అడుగుతున్నట్టుంది. ఆడగొంతు ఏదో అరిచింది. లింగస్వామి మళ్ళీ వచ్చాడు. "అరకిలకు తక్కువుంటె బండియ్య," అన్నాడు.

పదికి తిరుపతి వచ్చాడు. సైకిల్ లేకపోవడం చూసి హారన్ రెండుసార్లు కొట్టాడు. అప్పుడు జవహర్ కొట్టులోంచి రెండడుగులు ముందుకొచ్చాడు. నోట్లు ఇంకా చేతిలోనే ఉన్నాయి.

"ఏడొందలు పోగొట్టుకున్నవమ్మా, ఉట్టి పంతానికి."

"పంతమే," అంది సువార్తమ్మ. "మా ఆయన బతికున్నందుకు నువ్వు మూడున్నరిస్తనన్నవ్. నేను సైకిల్ అమ్మొచ్చిన సేటు. మా ఆయన్ని కాదు."

తిరుపతి ఏమీ అర్థంకాక ఇద్దరి మొహాలూ చూశాడు. ఆమె ట్రాలీ చక్రం మీద ఎడమ కాలు పెట్టి, కుడి మోకాలిని చేత్తో పట్టుకుని మెల్లగా పైకి లాక్కుంది.

ఖాళీ బస్తాల మీద కుదురుకుని తల తిప్పి చూసింది. ధనలక్ష్మి టీ వంచుతోంది. గ్లాసు నిండాక, ఎవరూ పిలవకుండానే, కాలువ మీది బండ దాటి జవహర్ కొట్టు వాకిట్లోకి వెళ్ళింది.

"ఏంది? ఇంక బోణీ కాలే," అన్నాడు జవహర్.

"నాదయింది," అంది ధనలక్ష్మి.

తిరుపతి గేరు వేశాడు. ట్రాలీ మలుపు తిరిగేదాకా సువార్తమ్మ చూస్తూనే ఉంది. జవహర్ గ్లాసు అందుకోలేదు. ధనలక్ష్మి చాచిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.